ఒకే బొమ్మ, రెండు తేదీలు: ఇది 79దా, 80దా?

సూళ్లూరుపేట_బిడ్డ
నాన్న సామాన్లు సర్దుతుంటే అటక మీద బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. నిండా నెగెటివ్‌లు. ఆయనకి ఇరవై రెండేళ్లప్పుడు, పెళ్లికి ముందు తీసినవి. ఒక్కో రోల్‌నీ బటర్ పేపర్‌లో చుట్టి, పెన్సిల్‌తో నంబరూ తేదీ వేసి పెట్టుకున్నారు. ఇంట్లో కరెంటు బిల్లు ఎక్కడుందో ఏనాడూ చెప్పలేకపోయిన మనిషి!

రోల్ 14 మీద "10-8-79" అని ఉంది. అందులో ఒక ఫ్రేమ్: పులికాట్ సరస్సు ఒడ్డు, ఎడమ మూల తాటిచెట్టు, సైకిల్ క్యారియర్ మీదెక్కి నిలబడ్డ ఒక కుర్రాడు, దూరంగా ఆకాశంలోకి లేస్తున్న పొగ. ఇదే బొమ్మ ప్రింటు మా ఆల్బమ్‌లో చిన్నప్పటి నుంచీ ఉంది. దాని వెనక మాత్రం నీలం సిరాతో "18-7-80 విజయం" అని ఉంది. చెట్టు అదే, సైకిల్ అదే, కుర్రాడు ఎత్తిన చెయ్యి కూడా అదే.

79 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. 80 జూలై 18న లేచింది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మా పెద్దనాన్న కొడుకు ఏటా జూలైలో ఈ ప్రింటుని "బాబాయ్ తీసిన మొదటి విజయం" అని ఫ్యామిలీ గ్రూపులో తిప్పుతాడు. ఇప్పుడు మా ఊరి హైస్కూల్ వాళ్లు పెద్దది చేయించి బోర్డు మీద పెడతామంటున్నారు. కింద ఏ తేదీ రాయమనాలి?

హైపో_హరి
కవరు మీది తేదీనే నమ్ముతా. కవరు మీద రాసేది రోల్ కడిగి ఆరబెట్టిన రోజు. ప్రింటు వెనక ఎవరైనా, ఎప్పుడైనా రాయొచ్చు. ఫిలిం అంచున ఏముంది? ఆ స్ట్రిప్‌లో మిగతా ఫ్రేములు ఏంటి?

రీల్_రాణి
అసలు రాకెట్ ఎక్కడ? ఎంత జూమ్ చేసినా పొగే. ఇటుకల బట్టీ కాదని గ్యారంటీ ఏంటి 😄

లెక్కల_మాస్టారు
రాకెట్ కనపడదమ్మా, కనపడితేనే అనుమానించాలి. ఎస్‌ఎల్‌వీ-3 ఎత్తు 22 మీటర్లు. ఆ ఒడ్డు నుంచి లాంచ్ ప్యాడ్ పదిహేను కిలోమీటర్లనుకో. చదరపు ఫ్రేము కెమెరా లెన్సు సుమారు 75 మి.మీ. 22ని 15,000తో భాగించి 75తో గుణిస్తే 0.11. అంటే నెగెటివ్ మీద మొత్తం రాకెట్ పొడుగు మిల్లీమీటర్‌లో పదో వంతు. ఆ రోజుల్లో మామూలు కెమెరాతో పట్టుకోగలిగింది పొగనే.

ఇంకోటి. రెండు ప్రయోగాలూ పొద్దున ఎనిమిదికి అటూ ఇటే. మొదటిది 7:58, రెండోది 8:03. ఒడ్డున నిలబడి తూర్పుకి చూస్తే సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. పొగ నల్లగా, చుట్టూ ఆకాశం తెల్లగా పేలిపోయి ఉండాలి. అలాగే ఉందా?

సూళ్లూరుపేట_బిడ్డ
@లెక్కల_మాస్టారు అచ్చం అలాగే. కుడివైపు పైన ఎండ కొట్టి సగం ఆకాశం కడిగేసినట్టుంది. కుర్రాడు మొత్తం నల్లటి నీడే, మొహం తెలీదు.

@హైపో_హరి అంచున ఓర్వో ఎన్‌పి 22 అని ఫిలిం పేరు ఉంది. పన్నెండు ఫ్రేములు, మూడు పాడైపోయాయి. మిగిలినవి: బస్టాండులో నిమ్మకాయ సోడా బండి, ఒక టీ కొట్టు, ఎవరో ఇద్దరు అన్నదమ్ములు, గేదెలు, మా నానమ్మ గడప దగ్గర ఎవరికో ఏదో ఇస్తూ, ఒడ్డున జనం రెండు, పొగ, ఆఖర్న ఖాళీ రోడ్డు. డబ్బా తెరవగానే పులుపు వాసన ముక్కుకి కొట్టింది, అదొక భయం.

హైపో_హరి
పులుపు వాసనంటే ఫిలిం బేస్ చెడిపోతోందని. ఆ వాసన వచ్చేవి వేరే పెట్టండి, మిగతావాటికి అంటుతుంది. రేకు డబ్బా మూత బిగించొద్దు. స్కానర్ కొనక్కర్లేదు. ట్యాబ్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, పైన రెండంగుళాల ఎత్తులో గాజు ముక్క, దాని మీద నెగెటివ్, పైనుంచి కెమెరాతో తీయండి. గాజు ఆనించి పెడితే స్క్రీన్ చుక్కలు పడతాయి, అందుకే ఎత్తు.

జై_విజ్ఞాన్
ఫెయిలైనప్పుడు అప్పటి ఇస్రో ఛైర్మన్ ధావన్ గారు ప్రెస్ ముందు బాధ్యత తన మీద వేసుకుని, సక్సెస్ అయినప్పుడు మైకు కలాం గారికి ఇచ్చారు. లీడరంటే అలా ఉండాలి. అందరూ షేర్ చేయండి

గోదారి_గట్టు
ఈ కథ మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా అంటించారు గురూ. ఆవిడ అడిగింది తేదీ.

కర్నూలు_కుర్రోడు
79లో అసలు ఎందుకు పడిందో తెలీనివాళ్లకి: మొదటి దశ బాగానే మండింది. రెండో దశని అదుపులో ఉంచే వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం ముందే కారిపోయింది, వాల్వులో చెత్త ఇరుక్కుని సరిగ్గా మూసుకోలేదు. అదుపు తప్పి 317 సెకన్లకి బంగాళాఖాతంలోకి. కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్లకి కనిపించే మొదటి నిమిషం రెండుసార్లూ ఒకేలా ఉంటుంది. పొగని చూసి పాసో ఫెయిలో చెప్పలేం.

రీల్_రాణి
టీ కొట్టు ఫ్రేములో పలక మీద ఏదో రాసుంది. ఎవరైనా చదివారా??

సూళ్లూరుపేట_బిడ్డ
ఇప్పుడే ఇన్వర్ట్ చేసి చూశా. నవ్వాగట్లేదు. "స్కైలాబ్ పడేలోపు బాకీలు తీర్చవలెను".

గోదారి_గట్టు
😂😂 ఇంకేం, తేలిపోయింది. స్కైలాబ్, అదే ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం, పడింది 79 జూలై 11. 80లో ఆ పలక ఎందుకుంటుంది?

అది నెత్తిన పడుతుందని భయపడ్డ ఆ పది రోజుల్లో మా ఊళ్లో కోళ్లు మిగల్లేదట. ఎటూ పోయేవాళ్లమే కదా అని జనం ఉన్నవన్నీ కోసుకు తిన్నారు. పన్నెండో తేదీ పొద్దున లేచి చూస్తే ప్రాణాలున్నాయి, కోళ్లు లేవు. మా తాత చనిపోయేదాకా అమెరికా వాళ్ల మీద కోపంగా ఉండేది అప్పుడు కోసేసిన ఒక్క మేకపోతు గురించే.

కర్నూలు_కుర్రోడు
మా క్లాసులో ఒకడి పేరు స్కైలాబ్. సరిగ్గా ఆ వారం పుట్టాడు. హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ వాళ్లు తల మీద చేతులు పెట్టుకునేవాళ్లు.

హైపో_హరి
ఒప్పుకోను. టీ కొట్టు పలకంటే ఒకసారి రాస్తే చెరిపేవాడుండడు. జోకు పేలిందంటే ఏడాదైనా ఉంచుతాడు. స్కైలాబ్ పలక వల్ల తెలిసేది 79 జూన్‌కి ముందు కాదని మాత్రమే. 80 కాదని కాదు.

గోదారి_గట్టు
మీరు ముందు కవరు తేదీనే నమ్ముతా అన్నారుగా?

హైపో_హరి
నమ్ముతా. మీ వాదన నమ్మను.

పాత_రేడియో
ఇక్కడందరూ ఎస్‌ఎల్‌వీ దగ్గర మొదలెట్టారు, నేను ఇంకా పాత సరుకు. 69 జూలై 21 సోమవారం, పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతం, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపుతున్నాడు. మా గుంటూరులో టీవీ ఎక్కడిది? వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టుకుని పదిహేను మంది రేడియో చుట్టూ. నాకు పద్నాలుగేళ్లు, చేతిలో అన్నయ్య బాక్స్ కెమెరా. చరిత్ర జరుగుతోంది, ఫోటో తీయాలి, దేనికి తీయాలో తెలీదు. రేడియోకి తీశాను. గదిలో వెలుతురు చాలక ఫిలిం మీద పచ్చ దీపం ఒక్కటే పడింది. అదీ తెల్లటి చుక్కగా. మా మనవడికి చూపించి "చంద్రుడి మీద కాలు మోపిన ఫోటో" అని చెప్తే కళ్లజోడు మార్చుకో తాతా అన్నాడు.

రీల్_రాణి
ఆ చుక్క ఫోటో పెట్టండి ప్లీజ్, వాల్‌పేపర్ చేసుకుంటా

వెన్నెల_వరండా
75-76లో మా ఊళ్లో ఉపగ్రహం టీవీ ఉండేది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి ఇచ్చారు, అందులో మాదొకటి. పంచాయతీ ఆఫీసు ముందు కోళ్ల గూడు వలతో చేసిన గొడుగు యాంటెన్నా. ఒక్క ఏడాదే, తర్వాత ఆ అమెరికా ఉపగ్రహాన్ని పక్కకి జరిపేశారు. గొడుగు మాత్రం పదేళ్లుంది, పిచ్చుకలు కాపురం పెట్టాయి. అందరూ రాకెట్ ఫోటోలు అడుగుతారు, ఆ గొడుగు ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా అని ఎన్నాళ్లనుంచో వెతుకుతున్నా.

మాడరేటర్
గొడుగు గురించి వేరే చర్చా దారం తెరవండి. ఇక్కడ తేదీ సంగతి తేలనివ్వండి.

లెక్కల_మాస్టారు
వారం బట్టి పట్టుకుందామని చూశా. బస్టాండు ఫ్రేములో సంత కనిపిస్తుందేమోనని. లాభం లేదు. 79 ఆగస్టు 10 శుక్రవారం. 80 జూలై 18 కూడా శుక్రవారమే. దేవుడు మన దారాన్ని పొడిగించదలిచాడు.

శారద_వంటిల్లు
ఆగండాగండి. రెండూ శుక్రవారాలేనా? నానమ్మ గడప దగ్గర ఎవరికో ఏదో ఇస్తోందన్నారు కదా, చేతిలో ఏముందో చూడండి. కాళ్లకి పసుపుందా?

సూళ్లూరుపేట_బిడ్డ
నలుపు తెలుపులో పసుపెలా తెలుస్తుంది అండీ. కానీ ఎదురుగా ఉన్నావిడ పాదాలు వేళ్ల దాకా ముదురుగా, చీలమండ పైన తేలిగ్గా ఉన్నాయి. నానమ్మ ఆవిడ కొంగులో ఏదో పోస్తోంది, గింజల్లా. తమలపాకులు కూడా కనిపిస్తున్నాయి. గుమ్మానికి మామిడాకులు.

శారద_వంటిల్లు
శనగల వాయనం! శ్రావణ శుక్రవారం! ఇక పంచాంగం చూసేవాళ్లు చెప్పండి. 79 ఆగస్టు 10 శ్రావణమేనా?

లెక్కల_మాస్టారు
చూశా. సిద్ధార్థి నామ సంవత్సరం, పౌర్ణమి ఆగస్టు 8కి అయిపోయింది. కాబట్టి 10 శ్రావణ బహుళంలో శుక్రవారం. 80లో జూలై 18 ఇంకా ఆషాఢం, శ్రావణం ఆగస్టులో గానీ రాలేదు. ఆషాఢంలో వాయనాలుండవు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పి శనగల దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా.

గోదారి_గట్టు
@హైపో_హరి శనగలు కూడా ఏడాదిపాటు అలాగే ఉంచుతారంటారా

హైపో_హరి
🙏 79. కేసు కొట్టేశాం. కానీ ప్రింటు వెనక 80 ఎవరు రాశారు, ఎందుకు రాశారు? అది నాన్నగారి చేతిరాతేనా?

సూళ్లూరుపేట_బిడ్డ
కాదు. నాన్న రాత కుడివైపు వాలి ఉంటుంది. ఇది నిటారుగా, గుండ్రంగా ఉంది. ఎనిమిది అంకె ఒక సున్నా మీద ఇంకో సున్నా పెట్టినట్టు రెండు ముక్కలు. ప్రింటు వెనక ఫోటో పెడుతున్నా చూడండి.

పులికాట్_కొంగ
మూడు రోజులుగా ఈ దారం చదువుతూ చెప్పాలా వద్దా అని కూర్చున్నా. ఆ ఎనిమిది చూశాక తప్పదు. ఆ రాత నాదమ్మా.

మీ నాన్న నాకు నాలుగైదేళ్లు పెద్ద. 79లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. సాయంత్రాలు బజారులో ఒక స్టూడియోలో పని చేసేవాణ్ని. జీతం లేదు, డార్క్‌రూమ్ వాడుకోనిస్తే చాలనుకునే వయసు. ట్రేలు కడగడం, బావి నీళ్లు మోయడం, ప్రింట్లు గాజు పలక మీద తడిగా అంటించి ఆరబెట్టడం నా వంతు. మా బావి నీళ్లు ఉప్పు. సరిగ్గా కడక్కపోతే ప్రింటు మీద తెల్లగా చారలు కట్టేవి. మీ ప్రింటు కింది అంచున ఒక చార ఉండాలి చూడండి. మామూలుగా రాత్రి తొమ్మిది దాటితే గానీ ప్రింట్లు తీసే ఎన్‌లార్జర్ వేసేవాళ్లం కాదు, అంతకుముందు వోల్టేజీ ఊగిపోయేది, ఒక ప్రింటు నలుపు, ఒకటి తెలుపు. మీ నాన్న తన రోల్స్ తనే కడుక్కునేవాడు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ పొద్దున ఒడ్డుకి పోయినవాళ్లం ముప్పై నలభై మంది ఉంటాం. ఫలానా టైమని మాకెవరూ చెప్పలేదు. షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, బస్సులు రెండు రోజులుగా వేళకాని వేళ తిరుగుతుంటే ఊరికి అర్థమైపోయింది. నా దగ్గర మామయ్యకి పెళ్లిలో వచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ ఉంది. మీ నాన్న కెమెరా మంచిది, ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు.

ముందు వెలుగు కనిపించింది. నీళ్లకి అవతల, చెట్ల మీదుగా, అగ్గిపుల్ల గీసినంత. తర్వాత పొగ. చప్పుడు లేదు! అదే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే సంగతి. అంత పెద్దది లేస్తుంటే ఒడ్డున గేదె నీళ్లు కదిపిన చప్పుడు వినిపిస్తోంది. చప్పుడు రాలేదేందిరా అని పక్కన ఎవరో అడుగుతున్నారు. దాదాపు ముప్పావు నిమిషం తర్వాత వచ్చింది, రేకుల షెడ్డు మీద కంకర కుమ్మరించినట్టు. అప్పటికి అది ఎక్కడో పైన చుక్క. గేదెలు బెదిరి నీళ్లల్లోంచి లేచాయి. ఆ సైకిల్ నాదే. ఎక్కినవాడు ఎవడో గుర్తు లేదు గానీ క్యారియర్ వంకర పోయింది, అది బాగా గుర్తుంది, ఇంట్లో తిట్లు పడ్డాయి.

అందరం అయిపోయిందనుకున్నాం. హోటల్లో ఒకాయన మైసూర్‌పాక్ పంచాడు. మధ్యాహ్నం షార్ బస్సు దిగినవాళ్ల మొహాలు చూసి తెలిసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. రోజూ దిగగానే బడ్డీ కొట్టు దగ్గర ఆగి కబుర్లు చెప్పుకునేవాళ్లు, ఆ రోజు నేరుగా ఇళ్లకి పోయారు. మా ఓనరు అప్పటికే మీ నాన్న ప్రింటు ఒకటి అద్దాల బీరువాలో పెట్టబోతున్నాడు. లోపలికి తీసేశాడు.

ఇక 80. మీ నాన్న ఊళ్లో లేడు, హైదరాబాదులో డ్రిల్లు మాస్టారి ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఒడ్డున కెమెరా ఉన్నవాణ్ని నాకు తెలిసి నేనొక్కణ్నే. ఓనరు "ఈసారి నువ్వు తీయాలిరా" అని ఫిలిం తన డబ్బుతో ఇచ్చాడు. తీశాను కూడా. అయితే క్లిక్ త్రీలో ఫిలిం తిప్పడం మర్చిపోతే అది ఆపదు, నొక్కితే మళ్లీ నొక్కుతుంది. ముందు రోజు సాయంత్రం మా అక్క కూతురికి గుండు కొట్టించి తెచ్చారు తిరుపతి నుంచి, ఆ బోడిగుండు మీద ఒకటి తీసి ఉన్నా. తిప్పలేదు. కడిగి చూస్తే రోహిణి పొగ ఆ పిల్ల నడినెత్తి లోంచి లేస్తోంది.

ఊరంతా సంబరం. పంద్రాగస్టుకి స్కూళ్లవాళ్లు ఫోటోలు కావాలని వచ్చారు. ఓనరు బీరువాలోంచి మీ నాన్న 79 ప్రింట్ల కట్ట తీశాడు. "పొగ పొగే గదరా" అన్నాడు. వెనక తేదీ వేయమన్నాడు. నేనే కూర్చుని పాతికో ముప్పయ్యో వాటి మీద 18-7-80 విజయం అని వేశా. నా ఫోటో పోయిందన్న ఉక్రోషం కూడా ఉంది, కాదనను.

మీ నాన్న దసరాకి వచ్చి చూశాడు. కొడతాడనుకున్నా. "పడిపోయినదానికి విజయమని రాస్తివేందిరా" అని ఒక్క మాటే అన్నాడు. ఒక ప్రింటు మాత్రం అడిగి పట్టుకుపోయాడు. అదే మీ ఆల్బమ్‌లో ఉంది.

సూళ్లూరుపేట_బిడ్డ
కింది అంచున చార ఉంది. ఇన్నాళ్లూ నేను పాలు ఒలికాయనుకున్నా.

ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా చూశా. 80 జూన్ నుంచి. ఎన్నిసార్లు చూశానో ఆ కాగితం, తేదీ ఏనాడూ తట్టలేదు. నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు. మా అన్న ప్రతి ఏడాదీ "విజయం" అని పంపిస్తుంటే కింద ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకునేవారు.

పాత_రేడియో
పెద్దాయన ఊరుకున్నది కోపంతో కాదు. పాతిక స్కూళ్లలో తన ఫోటో వేలాడుతుంటే ఏ ఫోటోగ్రాఫరు వద్దంటాడు?

వెన్నెల_వరండా
నాకలా అనిపించలేదు. తేదీ అంత జాగ్రత్తగా కవరు మీద రాసుకున్న మనిషి. ఎప్పటికో ఎవరో చూస్తారులే అనుకుని ఉంటాడు.

గోదారి_గట్టు
మీరిద్దరూ ఆయన్ని ఒక్కసారైనా చూశారా? 😄 అమ్మాయిని చెప్పనివ్వండి.

సూళ్లూరుపేట_బిడ్డ
నాకూ తెలీదు, నిజంగా.

హెడ్మాస్టరుకి ఫోన్ చేసి సంగతంతా చెప్పా. "ఫెయిలైనదాన్ని పిల్లలకి ఎందుకు చూపించడమమ్మా" అన్నారు. కాసేపు వాదించాక స్కైలాబ్ పలక ఫ్రేము పంపించా. అది చూసి పడి పడి నవ్వి, రెండూ పక్క పక్కన పెడదాం, తేదీ 79 అనే రాయిస్తా అన్నారు. బాకీల పలక కాపీ ఒకటి క్యాంటీన్‌కి కూడా కావాలట.

@పులికాట్_కొంగ అంకుల్, మీ 80 ఫోటో ఉందా? బోడిగుండుది. అదొక్కటే కదా అసలు విజయం ఫోటో.

రీల్_రాణి
పెట్టండి పెట్టండి పెట్టండి

హైపో_హరి
నెగెటివ్ ఉంటే నేనే ఊరికే స్కాన్ చేసిస్తా. కొరియర్ ఖర్చు కూడా నాదే.

పులికాట్_కొంగ
ప్రింటు మా అక్క కూతురి దగ్గరే ఉంది, డాలస్‌లో. నిన్న రాత్రి అడిగా. "అది గనక ఎక్కడైనా పెట్టావంటే మామయ్యా, సంక్రాంతికి రాను" అంది.

సంక్రాంతి అయ్యాక చూద్దాం.